ఐసు దిమ్మలో చీమ

సుత్తి దెబ్బకి ఐసు దిమ్మ విరిగింది. లోపల చీమ. గండుచీమ, కాళ్లన్నీ చాచుకుని, ఫొటోకి నిలబడినట్టు.

బ్రాడీపేటలో చెరుకురసం బండి దగ్గర, మధ్యాహ్నం. "నాన్నా, బతికుందా?" అంది మా అమ్మాయి. "ఎప్పుడో పోయింది లేమ్మా," అన్నాడు బండాయన, గోరుతో దాన్ని గీకేస్తూ.

నాకేమో రాత్రి చదివిన ఎన్సెలడస్ గుర్తొచ్చింది. శని చుట్టూ తిరిగే చందమామ. అడ్డకొలత 500 కిలోమీటర్లు, గుంటూరు నుంచి హైదరాబాద్ పోయి వచ్చేంత కూడా లేదు. పైనంతా ఐసే, కింద సముద్రం. శని తన ఆకర్షణతో దాన్ని చపాతీ పిండిలా పిసుకుతూనే ఉంటుంది, ఆ వేడికే నీళ్లు గడ్డకట్టవు. దక్షిణ ధ్రువం పగుళ్లలోంచి ఆ నీళ్లు ఎగజిమ్ముతుంటే, క్యాసినీ అనే అంతరిక్ష నౌక వాటి మధ్యలోంచే దూసుకెళ్లింది. ఉప్పు దొరికింది, హైడ్రోజన్ దొరికింది. నౌక 2017లోనే శనిలో పడి కాలిపోయినా, అది పంపిన సమాచారంలోంచే 2023లో జీవానికి కావాల్సిన ఫాస్ఫేట్లు కూడా బయటపడ్డాయి.

చీమ సంగతి దేవుడెరుగు, సూక్ష్మజీవి జాడ కూడా ఇంకా లేదు. ఇక్కడ మాత్రం అడక్కుండానే దొరికింది!

ఇదంతా చెప్తే, "సుత్తితో కొట్టి చూడొచ్చుగా?" అంది. మంచు మందమే కిలోమీటర్లలో ఉంటుందమ్మా అన్నాను.

"ఐసు వేయమంటారా, వద్దా?" అన్నాడు బండాయన.

వద్దన్నాం.