ముగ్గురికీ ఒకే వర్చువల్ మెషీన్: పర్లాకిమిడి డీటీపీ దుకాణంలో నా అనుభవం

పర్లాకిమిడిలోని మా డీటీపీ దుకాణంలో కంప్యూటరు ఒక్కటే, దాని ముందు కూర్చునేవాళ్లం ముగ్గురం. పగలు నేను తెలుగు పనులూ తమ్ముడు ఒడియా పనులూ చూసుకుంటే, సాయంత్రం పాతపట్నం నుంచి వచ్చే ఆపరేటర్ శుభలేఖలు కంపోజ్ చేస్తాడు. ఎవరి పనుల ఫైళ్లు వారి దగ్గరే ఉండాలని, కంప్యూటరులోని ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థలో ముగ్గురికీ వేర్వేరు యూజర్ అకౌంట్లు ఏర్పాటు చేశాను. మా పాత ఫైళ్లన్నీ యూనికోడ్ కాని అను ఫాంట్లతో పేజ్‌మేకర్ అనే పాత విండోస్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నందువల్ల, వాటి కోసం వర్చువల్‌బాక్స్‌లో, అంటే కంప్యూటరు లోపలే మరో కంప్యూటరును (వర్చువల్ మెషీన్‌ను) నడిపే సాఫ్ట్‌వేర్‌లో, విండోస్ ఎక్స్‌పీని నడుపుతున్నాము. 2014 ఏప్రిల్ 8తో దానికి భద్రతా మార్పులు ఆగిపోయాయి కాబట్టి, ఆ మెషీన్‌కు ఇంటర్నెట్ ఇవ్వలేదు.

మొదట్లో ఒక్కొక్కరి అకౌంటులో ఆ మెషీన్‌కు ఒక్కొక్క నకలు ఉండేది. మాఘమాసపు ముహూర్తాల రద్దీలో ఒక శుభలేఖలో పెళ్లికూతురి ఇంటిపేరును నేను నా నకలులో దిద్దాను. ఆపరేటర్ మాత్రం తన నకలులో మిగిలిపోయిన పాత ఫైలునే ప్రింటుకు పంపాడు. కార్డులు మళ్లీ వేసి ఇచ్చాను గానీ, ఆ తండ్రి పడిన బాధ నన్ను చాలా రోజులు వదలలేదు. మెషీన్ ఒక్కటే ఉండాలని ఆనాడే నిశ్చయించుకున్నాను.

వర్చువల్‌బాక్స్ మామూలుగా మెషీన్లను వాటిని తయారుచేసిన యూజర్ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచుతుంది, ఏ యూజర్ జాబితా ఆ యూజర్‌దే. అందువల్ల ముందుగా ఎక్స్‌పీని పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకున్నాను. ఆ తరువాత ముగ్గురినీ ఒక గ్రూపులో చేర్చి, అందరికీ అందే చోట ఒక ఫోల్డర్ తయారుచేసి, దానికి ఆ గ్రూపును కేటాయించి, 2770 అనే అనుమతి ఇచ్చాను, అంటే యజమానికీ గ్రూపుకూ పూర్తి హక్కులు, ఇతరులకు ఏమీ లేవు. ఇందులోని మొదటి అంకె 2 వల్ల, లోపల ఎవరు కొత్త ఫైలు సృష్టించినా అది మా గ్రూపు పేరు మీదే ఉంటుంది. మెషీన్‌ను 'మూవ్' ద్వారా అక్కడికి తరలించి, ఆ ఫైళ్లకూ గ్రూపు హక్కులు ఇచ్చాక, తమ్ముడి అకౌంటులోనూ ఆపరేటర్ అకౌంటులోనూ కొత్త మెషీన్ తయారుచేసే 'న్యూ' జోలికి పోకుండా 'యాడ్' నొక్కి, అక్కడున్న వీబాక్స్ ఫైలును, అంటే మెషీన్ అమరికలు ఉండే ఫైలును, చూపించాను. డిస్కు వివరాలు ఆ ఫైలులోనే ఉంటాయి కనుక వేరుగా ఏమీ చెప్పవలసిన పని లేకపోయింది.

ఆ రోజు ముగ్గురి జాబితాల్లోనూ మెషీన్ కనిపించింది. మర్నాడు ఉదయం తమ్ముడు పిలిచాడు: "అన్నయ్యా, నిన్న వచ్చిందే, ఇవాళ ఎందుకు రావడం లేదు?"

దీని కారణం తెలుసుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. వర్చువల్‌బాక్స్ వీబాక్స్ ఫైలును ఉన్నచోటే దిద్దదు. పాతదాన్ని వేరే పేరుతో పక్కన పెట్టి కొత్తదాన్ని రాస్తుంది, ఆ కొత్త ఫైలుకు 600 అనుమతి, అంటే చివరిగా మెషీన్‌ను నడిపినవారికి మాత్రమే చదివే, రాసే హక్కు ఇస్తుంది. గ్రూపు పేరు సరిగానే ఉన్నా గ్రూపుకు హక్కు ఉండదు. ఏసీఎల్‌తో, అంటే ఎవరికి ఏ హక్కో విడివిడిగా రాసుకునే జాబితాతో, ముందుగానే హక్కులు నిర్ణయించి చూశాను, కానీ ఫైలు 600తో పుట్టినప్పుడు ఏసీఎల్‌లో హక్కులకు హద్దు పెట్టే మాస్క్ ఆ హక్కులను చెల్లకుండా చేస్తుంది. లాగ్ ఫైళ్ల సంగతీ అంతే.

చివరకు ఒక చిన్న స్క్రిప్ట్ రాసి, డెస్క్‌టాప్ మీద పాత ఐకాన్ స్థానంలో దానిని ఉంచాను. అది మెషీన్‌ను తెరిచి, మూసేవరకు వేచి ఉండి, మరో పది సెకన్లు ఆగి, ఫోల్డర్‌లో ఆ యూజర్ పేరు మీద ఉన్నవాటన్నిటికీ గ్రూపు హక్కులు తిరిగి ఇస్తుంది. ఫైలు ఎవరిదో వారే ఆ హక్కులు ఇవ్వగలరు కనుక, అడ్మిన్ పాస్‌వర్డ్ అవసరం రాలేదు.

అదే స్క్రిప్ట్‌లో ఒక తాళం కూడా పెట్టాను. ఒకరు మెషీన్‌ను నడుపుతూనే 'స్విచ్ యూజర్' చేసి లేచిపోతే, వర్చువల్‌బాక్స్ సేవ ప్రతి యూజర్‌కూ విడిగా నడుస్తుంది కాబట్టి, రెండవవారి జాబితాలో ఆ మెషీన్ ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. ఒకే డిస్కులో రెండు ఎక్స్‌పీలు ఏకకాలంలో రాస్తే ఫైళ్లు పాడైపోతాయి, కాబట్టి ఇక్కడ ఏమాత్రం ఉపేక్ష తగదు. ఇప్పుడు స్క్రిప్ట్‌లోని తాళం వేసే ఫ్లాక్ అనే లినక్స్ ఆదేశం రెండవవారిని ఆపుతుంది, ముందుగా తెరిచినది ఎవరో తెరమీద పేరు కనిపిస్తుంది. మెషీన్‌ను ఉన్న స్థితిలోనే భద్రపరిచి ఆపే 'సేవ్ స్టేట్' చేసి వెళ్లడం మానేసి, పని కాగానే షట్‌డౌన్ చేయాలని కూడా నియమం పెట్టుకున్నాము.

మిగిలిన రెండు సర్దుబాట్లు తేలికగానే జరిగాయి. ఎక్స్‌పీకీ ఉబుంటుకూ మధ్య ఫైళ్లు పంచుకునే షేర్డ్ ఫోల్డర్ నా హోమ్‌ను చూపుతుండడం వల్ల మిగతా ఇద్దరికీ అందేది కాదు. దానిని ఉమ్మడి చోటికి మార్చాను. ఒడియా ఫాంట్ల డాంగిల్ (లైసెన్సు కోసం యూఎస్‌బీకి పెట్టే పరికరం) తమ్ముడి అకౌంటులో కనిపించకపోతే, అతనిని యూఎస్‌బీ వాడకానికి అవసరమైన వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ చేయించాను.

ప్రతి ఆదివారం దుకాణం కట్టేముందు, మెషీన్ ఆగి ఉన్నదని చూసుకుని, ఆ ఫోల్డర్‌ను బయటి డిస్కులోకి కాపీ చేసుకుంటున్నాను. ఈ ముహూర్తాలకు ఆపరేటర్ రాత్రి కంపోజ్ చేసిన కార్డునే ఉదయం నేను తెరిచి, దానిలోనే ఇంటిపేర్లు దిద్దుతున్నాను.