‘వ’లో కాదు, ‘బ’లో వెతకండి

నాన్నకు నాయనమ్మ అయిన మనిషి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరికీ ఆవిడ ‘కిమిడి మామ్మ’. ఫొటో లేదు. ఇనప్పెట్టెలో ఒక క్రయ దస్తావేజు ముక్క మాత్రం మిగిలింది. 1931 అన్న సంవత్సరం, ఊరి పేరు కనిపిస్తున్నాయి. మిగతాది చెదపురుగులకు పోయింది.

ఆవిడ పేరు కనుక్కుందామని ఆ ఊరి వైపు బయల్దేరి, చిన్నాన్న, నేను విశాఖలో గుణుపూర్ పాసింజర్ ఎక్కాం. నౌపడా దగ్గర మెయిన్ లైను వదిలి టెక్కలి, పాతపట్నం మీదుగా పోతుంది. పర్లాకిమిడి రాజావారు 1900లోనే ఇక్కడ చిన్న రైలు వేయించారు. దారిలో దిగి, జీళ్లు కొనుక్కుని, పరిగెత్తి మళ్లీ అదే బండి ఎక్కేవాళ్లమని చిన్నాన్న చెప్పాడు. సగం కోతలే అనుకోండి. పాతపట్నం దాటి పర్లాకిమిడిలో దిగితే షాపుల బోర్డులు ఒడియాలోకి మారిపోయాయి. బేరాలు మాత్రం తెలుగులోనే నడుస్తున్నాయి.

టీ కొట్టు దగ్గర కూర్చుని ఫోన్‌లో ఒడిశా భూమి రికార్డుల సైటు ‘భూలేఖ్’ తెరిచాం. జిల్లా, తహసీల్, ఊరు పెడితే రైతుల పేర్లు వస్తాయి, అన్నీ ఒడియాలో. తాతయ్య పేరు ‘వెంకట’తో మొదలవుతుంది. ఒడియా అక్షరాలు కూడబలుక్కుంటూ అరగంట వెతికినా దొరకలేదు. పక్క బల్ల మీద టీ తాగుతున్న ముసలి దస్తావేజు లేఖరి మా అవస్థ చూసి నవ్వాడు.

“బాబూ, ‘వ’లో కాదు, ‘బ’లో వెతకండి. ఒడియాలో మన వెంకట బెంకట అయిపోతాడు.”

దొరికాడు. ఇంటి స్థలం ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. భూమి హక్కుల పత్రమైన ఖతియాన్‌లో పేరు పక్కన ‘పి:’ అని తండ్రి పేరు, ఆ తర్వాత కులం, నివాసం. తల్లికి అక్కడ చోటే లేదు. భూమి కాగితాలు తండ్రుల్నే గుర్తు పెట్టుకుంటాయి మరి.

“అయితే రిజిస్ట్రేషన్ పుస్తకాలు చూడాల్సిందే” అన్నాడు లేఖరి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రుసుము కడితే ఎవరైనా స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకం, దాని ఇండెక్సులు చూడొచ్చు. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండోది ఆస్తుల వివరాలతో ఉంటుంది. వీలునామాల పుస్తకం మాత్రం అలా అందరికీ చూపించరు. ఇంకో చిక్కు కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఆ రోజు జమీందారీ రెండు ముక్కలైంది. ఒకే ఇంటి పొలం కాగితాలు కొన్ని ఇటు, కొన్ని అటు. మా ఊరు ఇటే పడింది, బతికిపోయాం.

మర్నాడు మధ్యాహ్నం నకలు చేతికొచ్చింది. తెలుగే, ఒక్క పేరాలో ఊపిరి తిప్పుకోకుండా రాసిన తెలుగు. పొలానికి తూర్పున గెడ్డ, పడమర పుంత. మూడో పంక్తిలో తాతయ్య: ‘మైనరు వెంకట’. ఆ వెంటనే ‘మైనరు తరఫున సంరక్షకురాలు, తల్లి’ అని ఒక పేరు. చివర అదే పేరు, పక్కన ‘వేలిముద్ర’ అన్న మాట.

చిన్నాన్న ఆ పేరు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, “ఇది అమ్మలు పేరురా!” అన్నాడు.

అమ్మలు మా మేనత్త. ఇంట్లో, వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. అసలు పేరు ఆధార్ కార్డులో తప్ప ఎక్కడా వినపడదు. అక్కడే ఫోన్ చేశాం. అత్త కాసేపు మాట్లాడలేదు.

“అదేట్రా, మరి మా అమ్మ నన్నెప్పుడూ ఆ పేరుతో పిలవలేదే!”

“అత్తగారి పేరు పెట్టి కోడలు ఎలా పిలుస్తుందే?” అన్నాడు చిన్నాన్న.