నేను రిపోర్టును వెనక నుంచి చదువుతాను

పీజీ ప్రాజెక్ట్ రిపోర్ట్ చేతికొస్తే నేను ముందు తిరగేసేది రిఫరెన్సుల పేజీలు. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఈ అలవాటు మరీ ముదిరింది. దానితో రాయించిన రిఫరెన్సుల్లో రచయితల పేర్లు నిజమైనవే, జర్నలూ ఉన్నదే, ఏడాది కూడా నప్పుతుంది. ఆ పేపర్ మాత్రం ఎవరూ రాయలేదు! డీఓఐ (ఆన్‌లైన్‌లో పేపర్‌ను గుర్తించే నంబరు) నొక్కితే ఇంకేదో తెరుచుకుంటుంది, లేదా ఏదీ తెరుచుకోదు. ఈ మోడల్ ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కడుతూ పోతుంది. రిఫరెన్సు ఎలా కనిపించాలో దానికి బాగా పట్టుబడింది. అలాంటి పేపర్ ఉందో లేదో చూసుకోవాల్సింది మనమే. వెతికి లింకులిచ్చే టూల్స్‌తో ఇంకో చిక్కు: పేపర్ ఉంటుంది, అందులో మనవాళ్లు రాసిన సంగతి ఉండదు.

2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇద్దరు లాయర్లు ఇలా పుట్టుకొచ్చిన తీర్పులనే ఉదహరించి, తమ సంస్థతో కలిపి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సొచ్చింది. ఇవి నిజమైన కేసులేనా అని వాళ్లలో ఒకాయన చాట్‌జీపీటీనే అడిగాడు. నిజమేనంది!

మరి ఏఐ రాసిందో మనిషి రాశాడో చెప్పే డిటెక్టర్ సాఫ్ట్‌వేర్ ఉందిగా అంటారు తోటి లెక్చరర్లు. నాకు దాని మీద నమ్మకం లేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సొంతంగా చేసిన డిటెక్టరే, వాళ్ల లెక్క ప్రకారమే, ఏఐ రాతలో 26 శాతాన్ని పట్టుకుని, మనుషులు రాసినదాంట్లో 9 శాతాన్ని ఏఐ రాతగా చూపించింది. 2023 జులైలో దాన్ని తీసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొన్ని డిటెక్టర్లకు టోఫెల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసే పరీక్ష) వ్యాసాలిచ్చి చూస్తే, సగటున సగానికి పైగా ఏఐవేనని తేల్చాయి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు జాగ్రత్తగా, తెలిసిన మాటలతో రాస్తే అదే నేరమైపోయిందన్నమాట.

అందుకే నా పద్ధతి మొరటుగా ఉంటుంది. ఎదురుగా కూర్చోబెట్టి, ఏదో ఒక రిఫరెన్సు మీద వేలు పెట్టి, పేపర్ తెరిచి ఆ లైను చూపించమంటాను. ఏఐతో గ్రామర్ దిద్దించుకోండి, అర్థంకాని స్టాటిస్టికల్ టెస్టు చెప్పించుకోండి, కోడ్‌లో తప్పు వెతికించుకోండి, కాదనను. ఇంటర్వ్యూ ట్రాన్స్‌క్రిప్టులు మాత్రం అందులో పేస్ట్ చేయొద్దు. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లు మనల్ని నమ్మి మాట్లాడారు, ఏ కంపెనీ సర్వర్‌కో పంపడానికి ఒప్పుకోలేదు. ఈ విషయంలో నాతో బేరాల్లేవు.

ఏ టూల్‌ని దేనికి వాడారో రిపోర్టులో రాయమంటే మొదట్లో అందరూ 'వాడలేదు సార్' అనేవాళ్లు. మార్కులు పోతాయని టెన్షన్. రాస్తే మార్కులు కోయనని క్లాసులో గట్టిగా చెప్పాక, ఒకమ్మాయి ఇలా రాసింది: 'నాలుగో అధ్యాయంలో ఇంగ్లిష్ సరిచేయించాను. కొన్నిచోట్ల అర్థం మారింది, మళ్లీ నా వాక్యాలే పెట్టాను.' ఎక్కడెక్కడో చూపించమన్నాను. 'రెండింటికీ సంబంధం కనిపించింది' అని తను రాసిన చోట టూల్ 'ఇదే కారణమని తేలింది' అని మార్చేసిందట. వైవాలో నా మొదటి ప్రశ్న అక్కడే: కారణమని ఎందుకు అనకూడదు? కాగితం చూడకుండా పది నిమిషాలు చెప్పింది.