మూడు చుక్కలు, ఒక ఒత్తు

నా ఒంటి మీద మొదటి పచ్చబొట్లు నేను కోరి పొడిపించుకున్నవి కావు. 2022 ఏప్రిల్‌లో రొమ్ము క్యాన్సరుకు రేడియేషన్ మొదలుపెట్టే ముందు నన్ను సీటీ స్కాన్ బల్ల మీద కదలకుండా పడుకోబెట్టి, రొమ్ముల నడుమ ఒకటి, రెండు పక్కల చెరొకటి, ఆవగింజ కన్నా చిన్నవైన నల్ల చుక్కలు మూడు సూదితో పొడిచారు. రోజూ యంత్రం కింద పడుకున్నప్పుడు లేజరు గీతలు ఆ చుక్కల మీద సరిగ్గా వాలేవరకూ నన్ను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపేవారు. కణితి ఎడమ రొమ్ములో వచ్చింది కాబట్టి గుండెకు కిరణాలు వీలైనంత తక్కువ తగిలేలా ఊపిరి నిండుగా పీల్చి బిగబట్టమనేవారు. వారానికి ఐదు రోజుల చొప్పున 15 సిట్టింగులు జరిగాయి.

అంతకు ముందటి ఏడాది జూలైలో, 41 ఏళ్ల వయసులో, స్నానం చేస్తుండగా చేతికి గట్టిగా ఏదో తగిలింది. బయాప్సీ అయ్యాక, ఆగస్టులో కణితిని, దానితో పాటు ఎడమ చంకలోని లింఫు గ్రంథులను తీసేశారు. తరువాత 21 రోజులకు ఒకసారి చొప్పున నాలుగుసార్లు ‘ఎర్రమందు’ అని పిలిచే కీమో మందు ఎక్కించారు. జుట్టు రెండో దఫాకే రాలిపోయింది. ఆపైన వారం వారం పన్నెండు సార్లు పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు ఇచ్చారు. జుట్టు పోయినందుకు నేను అనుకున్నంత బాధపడలేదు గాని, ఈ రెండో మందు నా వేళ్ల స్పర్శను తీసుకుపోవడం మాత్రం చాలా కష్టంగా తోచింది. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయేదాన్ని. పెన్ను పట్టుకుంటే అది వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో చూస్తే తప్ప తెలిసేది కాదు.

ఫిజియోథెరపిస్టు గరుకైన, లావైన వస్తువులు పట్టుకోవడం సాధన చేయమన్నారు. ఇంట్లో మా అమ్మాయి ఓనమాలు దిద్దిన పలక, లావు బలపాలు ఉన్నాయి. రేడియేషన్ నుంచి వచ్చి కాసేపు పడుకున్న తరువాత ఆ పలక ఒళ్లో పెట్టుకుని, రోజూ ఒకటే మాట రాసేదాన్ని: ‘ఉన్నాను’. ఉదయం ఆస్పత్రి హాల్లో పేరు పిలిచినప్పుడు మేమంతా చెప్పే జవాబు అది. ఎవరి పేరు పిలిస్తే వారు, నీరసంగా ఉన్నా ఓపిక తెచ్చుకుని, ‘ఉన్నానండీ’ అని లేచేవారు. ఆ మాట అక్కడ హాజరు చెప్పడానికే కాక ఇంకెంతో దూరం పలికినట్టు నాకు వినిపించేది. మొదట్లో అక్షరాలు వంకరపోయాయి, ఒత్తు ఎక్కడో కిందికి జారిపోయేది. ఆగస్టు నాటికి వేళ్లు కొంత దారికి వచ్చాయి. చివరి రోజుల్లో రాసిన పలకను మా ఆయన ఎందుకో ఫోనులో ఫొటో తీసి ఉంచారు.

నాకు నేనుగా ఒక పచ్చబొట్టు పొడిపించుకోవాలన్న కోరిక 2023లో కలిగింది. మా అమ్మమ్మ ముంజేతి మీద, చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన ఎరుకల ఆవిడ దీపపు మసిని ఆకుపసరులో కలిపి పొడిచిన మూడు చుక్కలు ఉండేవి. నల్లని మసి చర్మం లోపలికి దిగి పచ్చగా కనబడేది. ఆస్పత్రి చుక్కలు మూడు, అమ్మమ్మ చుక్కలు మూడు. కాబట్టి బొమ్మ విషయంలో నాకు సందేహం లేదు: ‘ఉన్నాను’ అనే మాట, దాని కింద వరసగా మూడు చుక్కలు. రిబ్బనులు, సీతాకోకచిలుకలు చూపించిన స్నేహితుల ప్రేమ నాకు తెలుసు, కానీ అవి నా జబ్బు పేరు చెప్పేవే తప్ప నన్ను గురించి చెప్పేవి కావు.

డాక్టరుగారు మూడు షరతులు పెట్టారు. గ్రంథులు తీసేసిన ఎడమ చేతికి వాపు వచ్చే ప్రమాదం ఎప్పటికీ ఉంటుంది కాబట్టి ఆ చేతి మీద సూది పడకూడదు. రేడియేషన్ తగిలిన చర్మం జోలికి పోకూడదు. రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మామూలు స్థాయిలో ఉండాలి. చికిత్స అయిపోయాక ఇటువంటి ఆలోచన చేసేవారు ముందుగా తమ డాక్టరును అడగాలని నేను గట్టిగా చెబుతాను. నాకు మిగిలింది కుడి ముంజేయి.

అసలు కష్టం అక్షరాల దగ్గర వచ్చింది. మొదట బాపు రాత మీద మనసుపడ్డాను. మా పెళ్లి శుభలేఖ కూడా ఆ తరహా అక్షరాలతోనే అచ్చువేయించారు. అయితే ఆ రాతకు అందమిచ్చేదే ఒకచోట బలంగా, మరొకచోట సన్నగా సాగే గీత. రెండంగుళాల మాటలో ఆ సన్నని కొసలు చర్మం మీద నిలవవని పచ్చబొట్టు వేసే అబ్బాయి చెప్పాడు. తరువాత తాతయ్య ఉత్తరాలు తీశాను. ఆయనది పాతకాలపు గొలుసుకట్టు రాత, కలం ఎత్తకుండా మాట మొత్తం ఒకే తీగలా సాగుతుంది. ఎంత సొగసుగా ఉన్నా మా అమ్మాయి దాన్ని చదవలేకపోయింది. నా చేతి మీది మాటను నా బిడ్డ చదవలేకపోతే అది నాకు అక్కర లేదు.

ఇక కంప్యూటరు ఫాంటు ఒకటి ఎంచుకున్నాం. ఆ అబ్బాయికి తెలుగు చదవడం రాదు. అతను వాడే సాఫ్ట్‌వేరులో తెలుగు కూర్పు సరిగ్గా లేనందున, ఒత్తు కిందికి దిగక, పొల్లుతో ‘న్’ ఒక పక్క, ‘నా’ ఒక పక్క విడిపోయి స్టెన్సిల్ (చర్మం మీద ముందుగా అద్దే నమూనా) వచ్చింది. నేను చదివి ఆపకపోతే అది అలాగే చేతికి ఎక్కేది. తెలుగు మాట వేయించుకునేవారు స్టెన్సిల్‌ను చర్మం మీద అద్దిన తరువాత కూడా ఒక్కో ఒత్తు, ఒక్కో కొమ్ము వేలితో చూపిస్తూ చదువుకోవాలి, వీలైతే తెలుగు చదివే మరొకరి చేత చదివించాలి.

అతను నాకు నేర్పిన విషయం ఒకటుంది. సిరా చర్మం లోపలి పొరలో నిలుస్తుంది. శరీరంలోని కణాలు దాన్ని మింగి అట్టిపెట్టుకుంటాయి, అవి చనిపోతే మరికొన్ని అందుకుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ గీత కొద్దికొద్దిగా లావెక్కుతుంది. మన అక్షరాలన్నీ మెలికలే కాబట్టి, న లోపలి చిన్న వంపు, దానికీ కింది ఒత్తుకూ నడుమ ఉన్న సందు ముందుగా పూడుకుపోతాయి. అందుకే గీత అంతటా ఒకే మందంలో ఉండాలని, లోపలి ఖాళీలు విశాలంగా ఉండాలని, ఒత్తు అక్షరానికి కాస్త ఎడంగా దిగాలని అతను కాగితం మీద గీసి చూపించాడు. ఆ గీతను చూస్తుంటే నాకు పలక గుర్తొచ్చింది. బలపం గీసే గీతలో ఒకచోట సన్నం, ఒకచోట లావు అంటూ ఉండవు. మొద్దుబారిన వేళ్లతో అక్షరాన్ని ఎంతో పెద్దగా, గుండ్రంగా తిప్పితే గాని నాకు అది రాసినట్టు ఉండేది కాదు. మా ఆయన ఫోనులో ఫొటో వెతికి ఇచ్చారు. అతను దాని మీద ట్రేసింగు కాగితం పెట్టి, ‘ను’ కొమ్మును మాత్రం కాస్త పొడిగించి, మిగిలినదంతా ఉన్నది ఉన్నట్టు దింపుకున్నాడు.

2024 జనవరిలో వేశారు. నలభై నిమిషాలు పట్టింది. పక్షం రోజులకు పొట్టు రాలింది. మూడో వారంలో అమ్మ నా చేయి వెలుతురులోకి తిప్పి, చుక్కల మీద వేలు పెట్టి, “మా అమ్మవి ఇంతకన్నా దగ్గరదగ్గరగా ఉండేవే” అంది. అవి కలిసిపోకుండా ఎడం పెట్టించానని చెప్పాను. మధ్య చుక్క కొంచెం వెలిసింది, మళ్లీ ఒకసారి పొడవాలట. ఒత్తు కింద సందు మాత్రం ఈనాటికీ తెరిచే ఉంది.