డూలిన్‌లో తకిట తకిట

ఐర్లండ్‌లో మోహర్ క్లిఫ్స్ చూద్దామని గాల్వే ఊళ్లో 350 నంబరు బస్సెక్కి పోతే, అక్కడ పొగమంచు తప్ప ఏమీ లేదు. 200 మీటర్ల పైన ఎత్తున్న కొండచరియలట, నాకు కనిపించింది ముందు నిలబడ్డావిడ రెయిన్‌కోటు. ఆ ఉక్రోషంతో తిరుగు బస్సులో డూలిన్ దగ్గర దిగిపోయి ఓ పబ్‌లో దూరాను. చేపల సూపు, రెండు ముక్కల బ్రౌన్ బ్రెడ్, 14 యూరోలు. రూపాయల్లోకి మార్చి చూసుకోకూడదు, చూసుకున్నాను.

రాత్రి తొమ్మిదిన్నరకి మూల బల్ల చుట్టూ నలుగురు చేరారు. ఫిడిల్, ఫ్లూటు, రెండు చేతుల మధ్య నొక్కి వాయించే బుల్లి హార్మోనియం లాంటి కాన్సర్టినా, బౌరాన్. స్టేజీ లేదు, మైకు లేదు, మనవైపు చూడను కూడా చూడరు. బౌరాన్ అంటే మన డప్పుకి వేలు విడిచిన చుట్టం అనుకోండి, చెక్క చట్రానికి బిగించిన మేకతోలే. కాకపోతే ఇక్కడ ఒకే పొట్టి పుల్ల, రెండు కొనలతోనూ వాయిస్తాడు, ఎడమచేత్తో లోపలి నుంచి తోలు నొక్కుతూ నాదం మారుస్తుంటాడు.

మొదటి పావుగంట నాకు చిరాకే. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఓ చిన్న ముక్క రెండుసార్లు, ఇంకో ముక్క రెండుసార్లు, మళ్లీ మొదటికి. అలా మూడుసార్లు తిరిగాక ఆపకుండా ఇంకో జిగ్‌లోకి, అంటే ఇంకో ఐరిష్ నాట్య బాణీలోకి, దూకేస్తారు. ఆపరేంరా బాబూ అనుకుంటుంటే, నా వేలు బల్ల మీద కొడుతోంది: తకిట తకిట. చిన్నప్పుడు అక్క సంగీతం పాఠంలో విన్న తిశ్రమే, మూడక్షరాల నడకే! కానీ అంత సమంగా పడదు. మొదటి అక్షరం కాస్త సాగుతుంది, మధ్యది నలిగిపోతుంది, మూడోది తర్వాతి దాన్ని ముందుకు తోసేస్తుంది. వాలులో పరిగెత్తే పిల్లాడిలా ఒక అడుగు ఆనకముందే ఇంకోటి. ఇక కుదురుగా ఎలా కూర్చుంటాం?

ధైర్యమొచ్చి చప్పట్లు మొదలుపెట్టాను. రెండు నిమిషాల్లో తాళం తప్పింది. పక్కనున్న పెద్దాయన నవ్వి, "ఇది స్లిప్ జిగ్, ఇందులో మూడుమూళ్లు తొమ్మిది" అని వేళ్లు మడిచి చూపించారు. ఇంతలో ఒకావిడ లేచి ఆడింది. చేతులు ఒంటికి అంటుకుపోయాయి, నడుం పైన కదలిక లేదు, మోకాళ్ల కింద మాత్రం తుఫాను. మా ఊరి కూచిపూడి మాస్టారు చూస్తే కళ్లేవమ్మా, చేతులేవమ్మా అని అడిగేవారు.

చివరి బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది, హాస్టల్ మంచానికి మళ్లీ డబ్బులు. పోతూ పోతూ, ఆవిడ ఆడినప్పుడు వాయించిన జిగ్ పేరేంటని ఫిడిలాయన్ని అడిగాను. బుర్ర గోక్కుని ఫ్లూటమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి కాన్సర్టినా ఆయన వైపు చూసింది. పేరు ఎవరికీ గుర్తులేదు, కానీ "ఇదే కదా" అంటూ ముగ్గురూ మళ్లీ మొదలుపెట్టారు.