కీవ్‌లో చూసిన ఒక అచ్చు

ఉక్రెయిన్‌లోని విన్నిట్సియాలో మెడిసిన్ మూడో ఏడాదిలో ఉండగా, 2019 అక్టోబరులో ఒక శనివారం రైలెక్కి కీవ్ వెళ్లాను. స్నేహితులు షాపింగ్‌కి పోయారు. నాకు మాత్రం మా ఉక్రేనియన్ భాష టీచర్ క్లాసులో చెప్పిన చిత్రకారిణి అల్లా హోర్స్కా వేసిన బొమ్మలు చూడాలని ఉంది.

స్టేషన్ నుంచి మెట్రోలో ఒక్క స్టాపు, యూనివెర్సిటెట్. ఎస్కలేటర్ ఎంతసేపటికీ పైకి చేరదు. బయటికొచ్చి కొంచెం నడిస్తే షెవ్‌చెంకో యూనివర్సిటీ ఎర్ర భవనం. 1964లో ఉక్రెయిన్ కవి షెవ్‌చెంకో 150వ జయంతికి హోర్స్కా, ఆమె మిత్రులు కలిసి ఈ భవనంలో రంగు గాజుముక్కలతో పెద్ద చిత్రం చేశారు. అందులో కవి కోపంగా ఉంటాడు, ఒక చేత్తో తల్లిని పొదివి పట్టుకుని, ఇంకో చేత్తో పుస్తకం పైకెత్తి. అది అధికారులకు నచ్చలేదు. ప్రారంభం కాకముందే పగలగొట్టించారు. హోర్స్కాని కళాకారుల సంఘం నుంచి తీసేశారు. ఆ గుమ్మం ముందు కాసేపు నిలబడ్డాను.

అక్కణ్ణించి ఒలెస్ హొంచార్ వీధిలోని షష్టిదశకం మ్యూజియానికి వెళ్లాను. 1960ల్లో సోవియట్ పాలనలో నోరు విప్పిన కవులు, కళాకారుల జ్ఞాపకాల చోటు అది. అక్కడ హోర్స్కా చెక్కిన ఒక లినోకట్ అచ్చు ముందు ఆగిపోయాను. కవి వసీల్ సిమొనెంకో ముఖం. రంగు లేదు, బూడిద నీడలు లేవు, నలుపూ తెలుపూ అంతే.

అవిసె నూనె, కార్క్ చెట్టు బెరడు పొడి కలిపి చేసే లినోలియం షీటును ఉలితో చెక్కుతారు. చెక్కిన చోటు తెల్లగా మిగులుతుంది, చెక్కని చోటు సిరా పట్టి నల్లగా పడుతుంది. మా పెడనలో కలంకారీ అచ్చు దిమ్మలు చూస్తూ పెరిగాను కాబట్టి చెయ్యి ఎటు తిరిగిందో తెలుస్తోంది. అచ్చులో బొమ్మ తిరగబడుతుంది కాబట్టి, ఎడమకు చూసే ముఖాన్ని కుడికి చూస్తున్నట్టు చెక్కాలి. ఒక గీత జారితే తిరిగి పూడ్చలేం. అలాంటి పనిని స్నేహితుడి ముఖం మీద చెయ్యడానికి ఎంత గుండె కావాలి!

హోర్స్కా, సిమొనెంకో నిజంగానే స్నేహితులు. 1962లో దర్శకుడు లెస్ తన్యుక్‌తో కలిసి కీవ్ పక్కనున్న బికివ్న్యా అడవికి వెళ్లి, స్టాలిన్ కాలంలో చంపిన వేలమందిని పాతిపెట్టిన గోతుల సంగతి బయటపెట్టారు. ఆ తర్వాత సిమొనెంకోని స్మిలా స్టేషన్లో పోలీసులు కొట్టారు. 1963 డిసెంబరులో కిడ్నీ జబ్బుతో పోయాడు. 28 ఏళ్లు. డాక్టరు కాబోయేదాన్ని కదా, ఆ వయసూ ఆ జబ్బూ పక్కపక్కన చదివి కడుపులో తిప్పినట్టయింది. హోర్స్కా 1970 నవంబరులో వసిల్కివ్‌లో హత్యకు గురైంది. ఆమెకు 41.

గాజు చిత్రం ఒక్కటే ఉండేది, పగిలిపోయింది. లినోకట్‌కి ఒకే దిమ్మ మీద ఎన్నో కాగితాలు తియ్యొచ్చు. అక్కడున్న అమ్మమ్మ వయసావిడ నా పక్కకొచ్చి, “ఇండియా?” అని అడిగి, వేలితో గాల్లోనే ఆ చెంప గీతను గీసి చూపించింది.

2022లో యుద్ధం మొదలయ్యాక బస్సెక్కి రొమేనియా సరిహద్దు దాటాను. ఆ వేసవిలోనే, మరియుపోల్‌లో హోర్స్కా బృందం 1967లో చేసిన మొజాయిక్‌లు యుద్ధంలో దెబ్బతిన్నాయని చదివాను. వెంటనే ఫోన్‌లో ఆ రోజు తీసిన లినోకట్ ఫొటో వెతికాను. అద్దం మీద కిటికీ వెలుగు పడి సగం ముఖం కనబడదు. నుదురూ, ఒక కన్నూ మాత్రం స్పష్టంగా ఉన్నాయి.