చటాయి కట్టిన చేతులు

ఖరగ్‌పూర్ ఐఐటీ మీద మన సంచికకు రాయమన్నప్పుడు మా బ్యాచ్ వాళ్లు తలా ఒక సంగతి అందుకున్నారు. ఒకరు ప్రొఫెసర్ల గురించి, ఒకరు ల్యాబుల గురించి, ఇంకొకరు ప్లేస్‌మెంట్ల గురించి. హాల్ గురించి, అంటే అక్కడి హాస్టల్ గురించి, నేను రాస్తానని అడిగి మరీ తీసుకున్నాను. 1994లో శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన నన్ను అక్కడి మనిషిని చేసింది ఆజాద్ హాల్. చదువు చెప్పినవాళ్లందరికీ నమస్కారం. కానీ "ఇది మా చోటు" అన్న మాట నా నోట రావడానికి కారణమైనవాళ్లు వేరే ఉన్నారు. ఈ నాలుగు మాటలూ వాళ్ల కోసం.

ఆ క్యాంపస్ చూడనివాళ్లకు ముందు ఊరి సంగతి చెప్పాలి. కలకత్తా అక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు. స్వాతంత్ర్యానికి ముందు అక్కడ హిజిలీ నిర్బంధ శిబిరం ఉండేది. బెంగాల్ విప్లవకారుల్ని విచారణ లేకుండా తెచ్చి అందులో పెట్టేవారు. 1931 సెప్టెంబర్ 16న నిర్బంధితుల మీద కాల్పులు జరిగాయి. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు పోయాయి. ఇరవై ఏళ్లు తిరక్కుండానే, 1951 ఆగస్టులో, ఆ భవనంలోనే దేశంలోని మొదటి ఐఐటీ తలుపులు తెరుచుకున్నాయి. 224 మంది విద్యార్థులు, 42 మంది అధ్యాపకులతో మొదలైందట. ఇప్పుడు ఆ పాత భవనం పేరు హిజిలీ షహీద్ భవన్. మొదటి ఏడాదిలోనే ఒకసారి అక్కడికి తీసుకెళ్లి చూపించారు. కుర్రాళ్లం గోలగోలగా వెళ్లి, వచ్చేటప్పుడు ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇంత చరిత్ర ఉన్నా సాయంత్రం ఐదు దాటితే చేయడానికి ఏముంది? ఎర్రమట్టి, చెట్లు, సైకిళ్లు. నాటకం చూడాలంటే మనమే వెయ్యాలి, పాట వినాలంటే మనమే పాడాలి. సినిమా కూడా నేతాజీ ఆడిటోరియంలో విద్యార్థుల ఫిల్మ్ సొసైటీ వేస్తేనే. హాళ్ల మధ్య పోటీలు, జింఖానా అనే విద్యార్థి సంఘం కార్యక్రమాలు అక్కడ అంత గట్టిగా వేళ్లు పాతుకోవడానికి ఈ దూరమే కారణమని నా నమ్మకం. నగరంలో ఉన్న కాలేజీలో క్లబ్బు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఖరగ్‌పూర్‌లో అది లేకపోతే మనిషికి ఊపిరాడదు.

మొదటి నెలల్లో నాకు ఊపిరాడలేదు కూడా. పదో తరగతి దాకా తెలుగు మీడియం. హిందీ అర్థమయ్యేది, నోరు తిరిగేది కాదు. మెస్సులో పక్కనున్నవాళ్లు ఏదో అని నవ్వుకుంటుంటే నేనూ నవ్వి కంచం తీసుకుని లేచిపోయేవాణ్ణి. తెలుగువాళ్లం ఒకచోట చేరడం ఎలాగూ ఉండేది. ఆదివారం వస్తే మాత్రం నా కాళ్లు పట్నం వైపే లాగేవి.

మన ఉత్తరాంధ్రవాళ్లకు ఖరగ్‌పూర్ పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ అక్కడి వర్క్‌షాపుల్లో, లైన్ల మీద మనవాళ్లు పనిచేస్తూ వచ్చారు. తరవాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు యూనియన్ నాయకుడిగా ఎదిగింది ఆ రైల్వే కార్మికుల మధ్యే. మథురాకాటి వైపు క్వార్టర్ల మధ్య నడుస్తుంటే గుమ్మాల్లోంచి మన యాసే వినిపించేది. గోల్ బజారులో కొట్లవాళ్లు ముఖం చూసి తెలుగులో పలకరించేవారు. తెలుగు బడి ఉంది, అమ్మవారి పూజలున్నాయి. మా మేనత్తకు వరసైన ఒకాయన వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో ఎండుచేపల పులుసు తిని, పిన్ని కట్టిచ్చిన పచ్చడి సీసా పట్టుకుని సాయంత్రానికి హాల్‌కు తిరిగొచ్చేవాణ్ణి. ఆ ఇల్లు లేకపోతే మొదటి సెమిస్టర్ మధ్యలోనే ఊరికి బండెక్కేసేవాణ్ణేమో. అయితే వారానికి ఒక్క పూటే ఇల్లు. మిగతా రోజులు ఉండాల్సింది హాల్‌లో. అక్కడ నా పేరు కూడా చాలామందికి తెలియదు.

అప్పుడు ఇల్లు వచ్చింది. మన ఇల్లు కాదు, ఇల్యుమినేషన్. ఖరగ్‌పూర్‌లో అందరూ దాన్ని పొట్టిగా 'ఇల్లూ' అనే అంటారు.

దీపావళి రాత్రి ఒక్కో హాల్ వెదురుతో పెద్ద పెద్ద చట్రాలు నిలబెట్టి, వాటి మీద వేల ప్రమిదలు వెలిగించి ఒక కథ చూపిస్తుంది. రామాయణంలో ఘట్టం కావచ్చు, భారతంలోది కావచ్చు. ఆ చట్రాన్ని చటాయి అంటారు. న్యాయనిర్ణేతలు హాల్ హాల్‌కీ తిరిగి చూస్తారు. దానితోపాటు రంగోలీ పోటీ. ఆ ఒక్క రాత్రి కోసం వారాల తరబడి పని.

మధ్య సెమిస్టర్ పరీక్షలు కాగానే లారీలో వెదుళ్లు దిగాయి. మా వింగులో ఒక బెంగాలీ సీనియర్ ఉండేవాడు. అందరూ దా, అంటే అన్నయ్య, అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన గదిగదికీ తిరిగి అందర్నీ లేపుకొచ్చాడు. వచ్చావా, రాలేదా, ఏం చేయగలవు, ఇంతకుముందు చేశావా? ఈ ప్రశ్నలేవీ లేవు. ఒకడి చేతికి కత్తి, ఇంకొకడి చేతికి తాడు. నా చేతికి సన్నటి ఇనప తీగ చుట్ట, ఒక కట్టింగ్ ప్లయరు.

పని ఇదీ. వెదుళ్లను నిలువునా చీల్చి బద్దలు చేస్తారు. ఆ బద్దల్ని అడ్డంగా, నిలువుగా పరిచి, కలిసే ప్రతి చోటా కట్టి, గళ్లగళ్ల చట్రం తయారు చేస్తారు. బొమ్మ వేసేవాళ్లు ముందే కాగితం మీద గళ్లు గీసి పెట్టుకుంటారు. ఏ గడిలో దీపం, ఏ గడి ఖాళీ అన్నది అందులో ఉంటుంది. మన వాకిళ్లలో చుక్కలు పెట్టి ముగ్గు కలిపే లెక్కే, నిలబెట్టారంతే. దీపం ఉండాల్సిన ప్రతి చోటా ప్రమిద అడుగు పట్టేలా తీగను గుండ్రంగా వంచి, కొసలు మెలేసి, బద్దకు బిగించాలి. అది నా పని. చుట్టు వదులైతే ప్రమిద జారిపోతుంది. బిగుతైతే కూర్చోదు. ఏ కాస్త ముందుకు వాలినా నూనె కారి కింద వరస దీపాలు ఆరిపోతాయి. మొదట్లో దా వచ్చి నా చుట్లలో ఖాళీ ప్రమిద పెట్టి, బద్దను కుదిపి చూసి, పడిపోయినవి మళ్లీ కట్టించేవాడు. రానురాను చూడటం మానేశాడు. ఆ తరవాత నా పక్కన ఇంకో మొదటి ఏడాది కుర్రాణ్ణి కూర్చోబెట్టి, వీణ్ణి అడుగు, వీడు చెబుతాడు అని వెళ్లిపోయాడు. కాన్పూర్ దగ్గరి కుర్రాడు. నా హిందీ వాడికి, వాడి ఇంగ్లీషు నాకు అంతంతమాత్రం. తీగ ఎలా మెలెయ్యాలో చూపించడానికి రెండూ అక్కర్లేకపోయింది. ఈరోజుకీ వాడు నాకు ఫోన్ చేస్తే గంటకు తక్కువ మాట్లాడడు.

రంగోలీ వాళ్లది వేరే లోకం. కామన్ రూమ్ తలుపులు మూసేసి, ముక్కుకు గుడ్డలు కట్టుకుని గాజులు దంచేవాళ్లు. నిజంగా గాజులే, మన ఆడపిల్లలు చేతులకు వేసుకునే మట్టిగాజులు. రంగు రంగుకీ వేరుగా దంచి, మెత్తటిదీ గరుకుదీ జల్లించి వేరు చేసి, ఆ పొడితో నేల మీద మనుషుల ముఖాలు దించేవాళ్లు. గాజు పొడికి ఉన్న తళుకు మామూలు రంగు పొడికి రాదు. ఒకతను రెండు రాత్రులు బోర్లా పడుకుని ఒక ముసలామె కళ్లు మాత్రమే వేశాడు. చూసినవాళ్లెవరూ ఆ ముఖం మరిచిపోయి ఉండరు.

దీపావళి సాయంత్రం వంటనూనె డబ్బాలు, వత్తుల సంచులు, ప్రమిదల గోతాలు మోసుకొచ్చాం. పై వరసల్లో వెలిగించడానికి వెదుళ్లు పట్టుకుని ఎక్కాలి. కింద నించున్నవాళ్లు నూనె అందించాలి. మా వంతు రాగానే హాల్‌లో లైట్లన్నీ ఆపేశారు. ఈల వినిపించగానే పైనుంచి కిందికి వరసలు వరసలుగా అంటించుకుంటూ వచ్చాం. కొన్ని నిమిషాల్లో అయిపోవాలి. ఆలస్యమైతే మొదట వెలిగించినవాటిలో నూనె అయిపోతుంది. నేను దిగి వెనక్కి నడిచి తలెత్తి చూసేసరికి ధనుస్సు ఎక్కుపెట్టిన రాముడు నిలబడి ఉన్నాడు. ఆయన ఎడమ మోచెయ్యి నా తీగచుట్ల మీద ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరినొకరు అడుగుతున్నారు, నీ వరస ఏది, నీది ఏది అని. నన్నూ అడిగారు. చెయ్యెత్తి చూపించాను.

ఆ రాత్రి పట్నం నుంచి జనం తండోపతండాలుగా వస్తారు. ఫిట్టరు బాబాయి, పిన్ని కూడా పిల్లల్ని తీసుకుని వచ్చారు. పిన్ని పక్కనున్న బెంగాలీ ఆవిడతో చటాయి వైపు చూపించి, మా పిల్లాడు కట్టింది అని చెబుతోంది. పతకం మాత్రం ఆ ఏడాది వేరే హాల్‌కు పోయింది. తెల్లారే దాకా ఎవరం నిద్రపోలేదు. మర్నాడు మెస్సులో పేరు పెట్టి పిలిచి తమ బల్ల దగ్గర కూర్చోమన్నారు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, నాటక సమాజం, సంగీత సమాజాలు, చర్చా పోటీలు అన్నీ అక్కడ ఉన్నాయి, వాటిలో గొప్ప ప్రతిభావంతులున్నారు. వాటిలో చేరాలంటే ముందు నీకు ఏదో వచ్చి ఉండాలి. గొంతు ఉండాలి, భాష ఉండాలి. పల్లెటూరి నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లాడికి పదిహేడేళ్లకు ఎంట్రన్సు తప్ప ఇంకేం వచ్చి ఉంటుంది? ఇంటర్ రెండేళ్లూ వాణ్ణి పుస్తకం ముందు నుంచి లేవనివ్వలేదు కదా. ఇల్లూకు మాత్రం వేల తీగచుట్లు కావాలి. ఎవరినీ వద్దనే వీల్లేదు. పనికి నిజంగా మనిషి అవసరం ఉన్నచోట కొత్తవాడు ఒకరి దయ మీద ఆధారపడక్కర్లేదు. నా దృష్టిలో ఆ పండగ గొప్పతనం దీపాల్లోకంటే ఇందులోనే ఎక్కువ ఉంది.

ఒకసారి గడప దాటాక మిగతా తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. రెండో ఏడాది హాల్ నాటకానికి లైట్లు చూడమన్నారు. ఎలక్ట్రికల్ వాడివి కదా అని. వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ కొనే డబ్బు లేదు. పాత సీనియర్ ఒకాయన ఉప్పునీళ్ల డిమ్మర్ చూపించాడు. మట్టి కుండలో ఉప్పునీళ్లు, అడుగున ఒక లోహపు రేకు, పైనుంచి తాడుతో దించే రేకు ఇంకొకటి. రెండు రేకులూ దగ్గరయ్యేకొద్దీ నిరోధం తగ్గి దీపం మెల్లగా వెలుగు అందుకుంటుంది. ప్రమాదకరమైన పని, ఇప్పుడు ఎవరూ చేయకూడదు. రబ్బరు చెప్పులేసుకుని, చెక్కపీట మీద నిలబడి, ఒక చేయి జేబులో పెట్టుకుని చేశాం. క్లాసులో బోర్డు మీద చూసిన నిరోధం అక్కడ నా చేతి కింద పెరిగి తగ్గింది. ఆ నాటకం హిందీలో. చివరి రిహార్సల్‌కు వచ్చేసరికి ప్రతి పాత్ర మాటలూ నాకు నోటికి వచ్చేశాయి. హిందీ నేర్చుకున్నది అలాగే.

మా తరవాతివాళ్లు చాలా పెద్ద పనులు చేశారు. క్షితిజ్ అనే టెక్నాలజీ ఉత్సవం మొదలైంది. రేసు కారు తయారుచేసే టీమ్‌కార్ట్, బంతాట ఆడే రోబోల బృందం వచ్చాయి. నాకు అన్నిటికంటే గర్వంగా అనిపించేది గోపాలీ యూత్ వెల్ఫేర్ సొసైటీ. క్యాంపస్ పక్క పల్లెల పిల్లల కోసం విద్యార్థులే జాగృతి విద్యా మందిర్ అనే బడి నడుపుతున్నారు. డబ్బు పోగుచేయడం దగ్గర నుంచి అన్నీ వాళ్లే చూసుకుంటారు. నాలుగేళ్లలో ఒక బ్యాచ్ వెళ్లిపోతుంది, ఇంకో బ్యాచ్ అందుకుంటుంది, బడి మాత్రం ఆగదు. ఇది మామూలు విషయం కాదు.

ఈ మధ్య ఏ కాలేజీ పిల్లలతో మాట్లాడినా క్లబ్బులో చేరడానికి రాతపరీక్ష, రెండు ఇంటర్వ్యూలు అంటున్నారు. రెజ్యూమేలో ఏ పదవి రాసుకోవాలన్నదే బెంగ. కారు తయారుచేసే బృందానికి ఎంపిక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఏ పరీక్షా లేకుండా ఎవడొచ్చినా చేతిలో పని పెట్టే చోటు ప్రతి కాలేజీలోనూ ఒక్కటైనా ఉండాలని గట్టిగా అనుకుంటాను. మనవాళ్లలో కాలేజీలు నడిపేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ మాట వాళ్లు కాస్త పట్టించుకోవాలని నా విన్నపం. తెలుగు నేల మీది హాస్టళ్లలో పిల్లలు ఎంత ఒంటరిగా ఉంటున్నారో వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఈ దీపావళికి మా వింగు వాళ్లం కొంతమందిమి ఖరగ్‌పూర్ వెళ్తున్నాం. రావాలనుకున్నవాళ్లు ముందే చెప్పండి, ఆ రాత్రి హాల్ మెస్సులో భోజనాల లెక్క ఇవ్వాలి. విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్లు టికెట్లు ఇప్పుడే చేయించుకోండి, పండగ రోజుల్లో హౌరా బళ్లలో బెర్తులు దొరకవు. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి. నూనె పోసే పని మనకు కూడా ఇస్తామని హాల్ కుర్రాళ్లు మాటిచ్చారు, కాబట్టి పాత బట్టలు ఒక జత పెట్టుకోండి.